విప్పనియ్యని పిస్తోలు

నీ చేతిలో పెట్టిన పిస్తోలు మంచిదని నీకు ఎవరు చెప్పిన్రు?

అమ్మేటాయన చెప్పి ఉంటడు. దుకాణదారు చెప్పి ఉంటడు. లేకపోతే దాని మెరుపు చూసి నీకు నువ్వే చెప్పుకొని ఉంటవు. ఈ ముగ్గురిలో ఒక్కరి సాక్ష్యం కూడా పనికిరాదు. మొదటి ఇద్దరికి అది అమ్ముడుపోవాలె. మూడో మనిషికి పని తొందరగా అయిపోవాలె.

నేను బతుకంతా తుపాకులు బాగుచేసిన. మొదట పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా పనిచేసిన. ఆ నౌకరీ అయిపోయినంక మొయినాబాద్ దిక్కు తుపాకులు కాల్చి నేర్చుకునే ఒక ప్రైవేటు రేంజిలో, చేతులు మారే పాత ఆయుధాలను పరీక్షించి కాగితం రాసిచ్చే పని చేసిన. ఇప్పుడు అది కూడా మానేసి సురంగల్‌లో మా ఇంట్లో ఉంటున్న. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి ఏం చదవాలె, ఏ పనిముట్లు కొనాలె అని అడుగుతరు. అవి ఎవరైనా చెప్తరు. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి మీకే తెలుస్తది. నేను చెప్పదలచుకున్నది అనుమానం గురించి.

మా బాపు సంస్కరణ సభల్లో దయ్యాల మీద వాదించేటోడు. ఎవరు చెప్పిన్రు, వాళ్లకు ఎట్ల తెలుసు, నువ్వు కండ్లతో చూసినవా అని అడిగేటోడు. నేను అవే ప్రశ్నలు తుపాకుల మీద అడిగిన. పెద్ద తేడా కనిపించలేదు. దయ్యాల గురించి అబద్ధాలు చెప్పినంత నమ్మకంగానే మనుషులు తుపాకుల గురించి కూడా చెప్తరు.

ఖాదర్ సాబ్ గీసిన గీత

పోలీసు ఆయుధాగారంలో దసరాకు ఆయుధపూజ ఉంటది. తుపాకులను వరుసగా పెట్టి పసుపు, కుంకుమ, పూలు, అగరుబత్తులతో పూజ చేసి కొబ్బరికాయ కొడ్తరు. కొత్తగా చేరిన ఏడాది నేను దాని మీద కొట్లాటకు దిగిన. మా హెడ్ ఆర్మరర్ ఖాదర్ సాబ్ నన్ను పక్కకు పిలిచిండు.

"బిడ్డా, నువ్వు లెక్చర్ ఇస్తే వీళ్లు ఇంటరా?"

"ఇనరు సాబ్."

"తుపాకి ఇంటదా?"

"అది గూడ ఇనదు."

"మరి ఎవరి కోసం ఒర్రుతున్నవు? నోరు మూసుకొని నేను చేసేది చూడు."

పూజకు వచ్చిన ఇన్‌స్పెక్టర్‌తో ఆయన నవ్వుకుంటనే అన్నడు: "సాబ్, బొట్టు కట్టె మీద పెట్టుండ్రి. ఇనుము నాకు ఇడ్సుండ్రి." ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వి, చెక్కపిడుల మీదనే బొట్లు పెట్టించిండు. మరునాడు ఖాదర్ సాబ్ ప్రతి తుపాకిని విప్పి, తుడిచి, లోపల చూసి, మళ్లీ బిగించిండు. ఆయన పూజను ఆపలేదు. పూజ తన పనిని ఆపకుండా చూసుకున్నడు. అప్పుడు నాకు అది పిరికితనం అనిపించింది. ఇప్పుడు అనిపించదు.

ఖాదర్ సాబ్ అక్కడి నుంచి పోయినంక ఇంకో అధికారి వచ్చిండు. పూజ చేసిన ఆయుధాలను వారం దాకా ఎవ్వరూ విప్పొద్దు, అమ్మవారి ముందర పెట్టినవి అని హుకుం జారీ చేసిండు. ఆ వారంలోనే బందోబస్తుకు పోయిన ఒక రైఫిలు బోల్టు, నూనె పసుపు కలిసి గడ్డకట్టి, లాగితే కదలలేదు. కాల్చే పని పడలేదు కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. అధికారి మాత్రం అమ్మవారే కాపాడిందన్నడు. మరి పాడుచేసింది ఎవరు సార్ అని అడిగిన. నాకు మెమో వచ్చింది.

ఈ రెండు సంగతులు యాది పెట్టుకోండి. ఇప్పుడు చెప్పబోయే పిస్తోలు దగ్గర అవసరం పడ్తయి.

కనకమామిడి ఫాంహౌజ్

ముడిమ్యాలలో లింగారెడ్డి అనే రైతు ఉన్నడు. పాలీహౌజ్ వేసి పూలు పండిస్తడు. ఆయన పొలం రోడ్డుకు ఆనుకొని ఉండటంతో దాని మీద కన్నేసినవాళ్లు ఇంటి ముందర కార్లు ఆపి బెదిరించి పోయిన్రు. ఆ గొడవ పోలీసుల దాకా పోయినంక ఆయనకు పిస్తోలు లైసెన్స్ వచ్చింది. దేశంలో తయారైన కొత్తది కొనుక్కుంటే సరిపోయేది. కానీ మన దిక్కు ఒక పిచ్చి ఉన్నది. పెద్ద మనిషి నడుముకు విదేశీ పిస్తోలే ఉండాలె. విదేశాల నుంచి కొత్తవి తెప్పించుకునే దారి మూసుకుపోయి చాలా కాలమైంది కాబట్టి, ఉన్న పాతవే ఒక నడుము నుంచి ఇంకో నడుముకు పోతుంటయి.

కనకమామిడిలో ఫాంహౌజ్ ఉన్న మాణిక్యరెడ్డి అనే నాయకుని దగ్గర అట్లాంటిది ఒకటి ఉన్నదని తెలిసింది. దాన్ని పరీక్షించమని లింగారెడ్డి, ఆయన భార్య అనసూయమ్మ రేంజికి వచ్చి నన్ను అడిగిన్రు. లింగారెడ్డి ఫోన్ మాట్లాడుకుంట పక్కకు పోంగనే ఆమె గొంతు తగ్గించింది.

"అన్నా, ఈయనకు పొద్దుగాల మంచం మీద కూసొని చాయ్ తాగే అలవాటు. మనవరాలు ఒళ్లెనే ఉంటది. రేపు గీ పిస్తోలును గూడ గా మంచం మీదనే లోడ్ జేస్తడు."

"ఇంట్ల లోడ్ చేయొద్దని చెప్తనమ్మా."

"చెప్తే ఇంటడా? నువ్వు ఆయినె మొకం జూసినవా? నాకు ఒక్కటే చెప్పు. అది దానంతటదే పేలదు గద?"

ఆ ప్రశ్న నన్ను ఇప్పటి దాకా వదలలేదు. మన పని మొత్తం ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే.

ఫాంహౌజ్‌కు పోతే పిస్తోలు పూజగదిలో వెండి పళ్లెంలో ఉన్నది. పసుపు, కుంకుమ, ఎండిన జమ్మి ఆకులు. మాణిక్యరెడ్డి పళ్లెంతో సహా తెచ్చి ముందర పెట్టిండు.

"ఇది మామూలు వస్తువు కాదు లింగన్నా. ఇది ఇంట్లకు వచ్చినంక నేను ఓడిపోయిన ఎలక్షన్ లేదు."

"పోయినసారి ఓడిపోయిన్రు గద పటేలా?" అన్నది అనసూయమ్మ.

"అది పార్టీ ఓడిపోయింది. నేను కాదు."

విప్పి చూస్తనన్న. ఆయన పళ్లెం వెనక్కు జరుపుకున్నడు. "విప్పుడు లేదు. కొన్నప్పటి నుంచి ఎవ్వరు విప్పలే. ఏడాదికొకసారి పసుపునీళ్లతో కడిగి, కొబ్బరినూనె రుద్ది పూజ చేస్తం. విప్పితే శక్తి పోతది."

"ఎన్నడన్న కాల్చిన్రా?"

"కాల్చే అవసరమే రాలే. అదే దాని శక్తి."

ఈ రకం పిస్తోలుకు బయట సుత్తి కనిపించదు. లోపల ఒక ఇనుప ములికి స్ప్రింగు మీద వెనక్కు లాగబడి ఉంటది. దాన్ని స్ట్రైకర్ అంటం. చిన్న కొక్కెం ఒకటి దాన్ని ఆపి పట్టుకుంటది. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం తప్పుకుంటది, ములికి ముందుకు దూకి తూటాను కొడ్తది. కొక్కెం పట్టు జారిందంటే ట్రిగ్గర్ నొక్కే పని లేదు. పిస్తోలు పై భాగాన్ని, అంటే స్లైడును, వెనక్కు లాగి వదిలి తూటా ఎక్కించంగనే పేలుతది. సుత్తి ఉన్నదాన్నైతే బయటి నుంచి చూడొచ్చు. దీని గుట్టు లోపల ఉంటది. అందుకే పాత స్ట్రైకర్ పిస్తోలు కొనేటప్పుడు అనుమానం రెండింతలు కావాలె.

మాణిక్యరెడ్డి మెల్లగ, మెల్లగ అంటుంటే స్లైడును మెల్లగా లాగి, మెల్లగా వదిలిన. కొక్కెం పట్టింది. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమన్నది. లింగారెడ్డి ముఖం వెలిగింది. కానీ నా కన్ను పిడి పక్కనున్న స్క్రూ మీద పడ్డది. దాని తల మీద స్క్రూడ్రైవర్ జారిన గీతలున్నయి. ఎవ్వరూ విప్పని పిస్తోలుకు గీతలు ఎట్ల వచ్చినయి? అప్పుడు ఆ మాట పైకి అనలేదు. అనుమానాన్ని తొందరగా బయటపెడితే ఎదుటి మనిషి జవాబు తయారుచేసుకుంటడు.

"పన్నెండు లోపట మంచి ఘడియ ఉన్నది, కాగితం మీద సంతకం పెట్టు" అన్నడు మాణిక్యరెడ్డి.

"రేంజికి తీసుకొని రండి. కాల్చినంక చూద్దాం."

"ఘడియ పోతది."

"పోనీయండి. పిస్తోలుకు గడియారం తెల్వదు."

ఒక్క తూటా

లైసెన్స్ ఆయన పేరు మీద ఉన్నది కాబట్టి పిస్తోలును ఆయనే రేంజికి తెచ్చిండు. తన బీరువాలో ఎప్పటివో తూటాలు కూడా తెచ్చిండు. నేను వాటిని ముట్టుకోలేదు. పాత పిస్తోలును పాత తూటాలతో పరీక్షిస్తే తప్పు ఎవరిదో తేలదు. రేంజిలో ఉన్న కొత్త తూటాలు తీసిన. అందరినీ గీత వెనకాల నిలబెట్టిన. మ్యాగజైన్‌లో ఒక్క తూటా పెట్టిన.

"ఒక్కటేనా? మీ రేంజి గంత గరీబా?" అన్నడు మాణిక్యరెడ్డి.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. తెలియని పిస్తోలుకు మొదటిసారి ఒక్క తూటానే. కొక్కెం జారేదైతే మ్యాగజైన్ అయిపోయేదాకా ఆగకుండా పేలుకుంటనే పోవచ్చు. ప్రతి దెబ్బకు మూతి పైకి లేస్తది. చివరి తూటా ఎక్కడికి పోతదో నీకు తెలియదు.

మూతిని, తూటాలు ఆపేటందుకు ఎదురుంగ పోసిన మట్టికట్ట దిక్కు పెట్టిన. వేలును ట్రిగ్గర్‌కు దూరంగా, పిస్తోలు పక్కన చాపి ఉంచిన. స్లైడును పూర్తిగా వెనక్కు లాగి, ఇంట్లో వదిలినట్టు మెల్లగా కాదు, స్ప్రింగు బలం మొత్తం మీద వదిలిన.

పేలింది. మట్టికట్ట అడుగున దుమ్ము లేచింది.

అనసూయమ్మే ముందు అడిగింది.

"నువ్వు ఒత్తినవా అన్నా?"

"లేదమ్మా. నా వేలు చూడు."

వేలు పెట్టినచోటనే ఉన్నది. మాణిక్యరెడ్డి అన్నడు: "నువ్వు దేవుణ్ని నమ్మవని మొయినాబాద్ మొత్తం ఎరుకే. నమ్మనోని చేతిల పడ్డది. దానికి కోపం వచ్చింది."

"కోపం నా మీద వస్తే మట్టికట్టను ఎందుకు కొట్టింది?"

"ఎకసెక్కాలు వద్దు. నా చేతిల ఎన్నడన్న ఇట్ల అయ్యిందా?"

"మీరు ఎన్నడూ కాల్చలేదు కదా."

పెన్సిల్

వాదన అక్కడ ఆపిన. సభలో అయితే సాగదీసేటోణ్ని. రేంజిలో వాదన గెలిచి పనిలేదు. ఆయన మాటలో పరీక్షించదగినది ఒకటి ఉన్నది: నమ్మేవాని చేతిలో పిస్తోలు సరిగా పనిచేస్తది అని. అట్లైతే నమ్మేవాని చేతనే చేయించాలె.

పిస్తోలును ఖాళీ చేసి, మ్యాగజైన్ తీసేసి, చాంబర్‌లో ఏమీ లేదని ముగ్గురికీ చూపించి ఆయన చేతికిచ్చిన. "స్లైడును బలంగా లాగి వదలండి. తర్వాత మూతిలోంచి ఈ పెన్సిల్‌ను, చెక్కని కొస ముందర పెట్టి, లోపలికి జార్చండి. మట్టికట్ట దిక్కు పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. కొక్కెం ములికిని పట్టి ఉంచితే, ములికి దెబ్బకు పెన్సిల్ ఎగురుతది. ముందే జారిపోయి ఉంటే పెన్సిల్ కదలదు."

మాణిక్యరెడ్డి కండ్లు మూసుకొని ఏదో మంత్రం చదువుకున్నడు. లాగి వదిలిండు. పెన్సిల్ పెట్టి నొక్కిండు. పెన్సిల్ ఎగిరి గడ్డిలో పడ్డది.

"చూసినవా?" అన్నడు. లింగారెడ్డి నవ్విండు. నా దిక్కు చూసిన చూపులో కొంచెం జాలి కూడా ఉన్నది.

"ఇంకోసారి" అన్న.

మళ్లీ మంత్రం. మళ్లీ పెన్సిల్ ఎగిరింది.

"ఇంకోసారి."

"నీకు బుద్ధి రాదా?"

"ముసలోణ్ని. జర ఆలస్యంగ వస్తది. ఇంకోసారి."

ఈసారి మంత్రం చదివినా పెన్సిల్ కదలలేదు. ఆయన ట్రిగ్గర్ ఇంకా గట్టిగా నొక్కిండు. మూతిలోకి తొంగిచూడబోతుంటే చెయ్యి పట్టి ఆపిన.

"ఏమైంది?" అన్నడు లింగారెడ్డి.

"ఇందాక అయ్యిందే అయ్యింది. ట్రిగ్గర్ ముట్టకముందే ములికి దూకింది. అప్పుడు తూటా ఉండె, పేలింది. ఇప్పుడు తూటా లేదు, అంతే."

"అంటే మంచం మీద..." అని అనసూయమ్మ ఆగిపోయింది. మిగిలిన మాట ఎవ్వరికీ చెప్పే అవసరం లేకపోయింది.

పసుపు కింద

ఇంకా విప్పొద్దనే అన్నడు మాణిక్యరెడ్డి. "విప్పకపోతే కొనేదే లేదు" అన్నది అనసూయమ్మ. భర్తను అడగలేదు. ఆయన వద్దనలేదు.

విప్పిన. కొక్కెం చుట్టూ పసుపు, కుంకుమ, కొబ్బరినూనె కలిసి ఎండి, పాత ఇంటి గోడకు వేసిన సున్నం లెక్క పెచ్చుకట్టి ఉన్నది. నిజం చెప్పాలె, లోపల సంతోషమైంది. ఇన్నేండ్లుగా నేను చెప్పిన మాటకు రుజువు బల్ల మీద ఉన్నది. ఆ సంతోషాన్నే నేను అనుమానించిన. నాకు కావలసిన కారణం దొరికింది కాబట్టి అదే కారణమని ఒప్పుకుంటే, నాకూ మాణిక్యరెడ్డికీ తేడా ఏమున్నది?

మొత్తం కడిగి, తుడిచి, బిగించి, ఖాళీ పిస్తోలుకు మళ్లీ పెన్సిల్ పరీక్ష పెట్టిన. ఎగిరింది. ఎగిరింది. ఎగురుకుంటనే ఉన్నది. లింగారెడ్డికి మళ్లీ ఆశ పుట్టింది. నేను ఆపలేదు. చానాసేపటికి ఒకసారి కదలలేదు.

అప్పుడు కొక్కేన్ని భూతద్దం కింద పెట్టిన. దాని అంచు పదునుగా ఉండాలె. ఇది అరిగి గుండ్రమైంది. వాడకంతో అరిగింది కాదు, ఆకురాయి పెట్టి అరగదీసింది. ఆకురాయి గీతలు వరుసగా కనిపిస్తున్నయి. స్క్రూ తల మీది గీతలకు జవాబు దొరికింది.

"ఎవ్వరు విప్పలేదన్నరు" అన్న.

మాణిక్యరెడ్డి భూతద్దం కిందున్న కొక్కెం దిక్కు చూసిండు. "కొన్న కొత్తల ట్రిగ్గర్ గట్టిగ ఉండె. ఒక మిస్త్రీ జర సాఫ్ చేసిచ్చిండు. గంతే."

"విప్పితే శక్తి పోతదని మీకు ఎవరు చెప్పిన్రు?"

ఆయన నా ముఖం చూడకుండనే అన్నడు. "ఆయినెనే."

సభల్లో నేను విన్న ఏ ఉపన్యాసం కంటే ఆ ఒక్క మాటలో ఎక్కువ ఉన్నది. చెడగొట్టినోడే, తన పని ఎవ్వరి కంట పడొద్దని, దానికి శక్తి అంటగట్టిండు. నమ్మినోళ్లు ఏడాదికొకసారి పసుపు పూసి ఆ తప్పును కాపాడిన్రు. పసుపు పిస్తోలును పాడుచేయలేదు. విప్పొద్దన్న మాటే దాన్ని పాడు పిస్తోలుగా ఉంచింది. విప్పొద్దు, అడగొద్దు, చూడొద్దు అని ఎవరన్న అన్నప్పుడు, ఆ మాట మొదట ఎవరి నోట పుట్టిందో వెతుకు. అక్కడ దాచవలసింది ఏదో ఉంటది.

ఆ కొక్కేనికి అసలైన విడిభాగం ఇప్పుడు దొరకదు. ఆ మాట చెప్పినా లింగారెడ్డి పిస్తోలును చేతిలో తిప్పుకుంట నిలబడ్డడు. "ఎట్లన్న రిపేర్ కాదా అన్నా? పేరున్న వస్తువు."

అనసూయమ్మ సంచి భుజానికి వేసుకున్నది. "తెచ్చుకో. మంచం మీద నువ్వు, అది పండుండ్రి. పిల్లను తీస్కొని నేను చేవెళ్లల మా తమ్ముని ఇంటికి పోత."

లింగారెడ్డి పిస్తోలును బల్ల మీద పెట్టిండు. తర్వాత మామూలు రివాల్వర్ కొనుక్కున్నడు.

ఆ పిస్తోలు వాడకానికి పనికిరాదు, అమ్మొద్దు అని కాగితం రాసి మాణిక్యరెడ్డికి ఇచ్చిన. నా పని అయిపోయిందనుకున్న.

సురంగల్‌లో

మొన్న మా సురంగల్‌లో ఒక దావత్‌కు పోయిన. ప్లాట్ల వ్యాపారం చేసే గోపాల్ మా ఇంటి వెనకనే ఉంటడు. అన్నం తిన్నంక నన్ను పక్కకు పిలిచి, అంగీ పైకెత్తి, నడుముకున్నది చూపించిండు. పిడి పక్కనున్న స్క్రూ తల మీద ఆ గీతలే.

"పూజల పెట్టిన పిస్తోలు అన్నా. మస్తు శక్తి ఉన్నదట."

"ఎవరు పరీక్షించిన్రు?"

ఫోన్‌లో కాగితం చూపించిండు. అన్ని విధాలా బాగున్నది అని రాసి ఉన్నది. కింద సంతకం. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లగాని సంతకం.

"నా ముందటనే మ్యాగజైన్ నిండ కాల్చిండు. ఒక్కసారి గూడ మొరాయించలె" అన్నడు గోపాల్.

మొరాయించదు. నేను కడిగినంక అది జారడం తగ్గింది. ఒక్కరోజు పరీక్షలో దొరకనంత తగ్గింది. కాల్చి చూడాలె, కానీ కాల్చినంత మాత్రాన అయిపోదు. విప్పి అంచు చూడాలె.

"విప్పి చూసిండా?"

"విప్పొద్దన్నరట."

అందులో తూటా పెట్టొద్దని గోపాల్‌కు చెప్పిన. కారణం చెప్పిన, కనకమామిడి కథ మొత్తం చెప్పిన. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నవ్విండు. "రిటైరైనంక అనుమానం రోగం లెక్క పడ్తదన్నా. ఫికర్ చెయ్యకు." లైసెన్స్ దఫ్తరుకు రాసిన; పనికిరాదని నేను రాసిన పాత కాగితం మాణిక్యరెడ్డి దగ్గరనే ఉండిపోయింది, నా దగ్గర నకలు లేదు. పరీక్షించిన ఆర్మరర్ కాగితం ఉన్నది కదా, ఆయనే అది తప్పని రాస్తే చూస్తం అన్నరు. రిటైరైన మనిషి మాట కంటే నీ సంతకం బరువెక్కువ.

నీ పేరు రాయను. చదువుతున్నవు, నీకు తెలుసు. విప్పనియ్యకపోతే సంతకం పెట్టొద్దని నీకు చెప్పిన. మాణిక్యరెడ్డి పళ్లెం వెనక్కు జరుపుకుంటే నువ్వు ఊకున్నవు. గోపాల్ ఇంట్లో కూడా ఒక మంచం ఉన్నది. ఆ ఇంట్లో కూడా పిల్లలున్నరు.

సురంగల్‌కు రా. ముందు తూటాలు బయటికి తీయించు. పిస్తోలు విప్పు. కొక్కెం అంచు భూతద్దం కింద పెట్టి గోపాల్‌ను కూడా చూడమను. నువ్వు రాసిన కాగితం తప్పని నీ చేతితోనే రాసి దఫ్తరులో ఇయ్యి. మంచి ఘడియ కోసం చూడకు. ఇయ్యాలనే రా.